అరగంట ప్రయాణానికి గంటా ఇరవై నిమిషాలెందుకు?

చిన్నీ,

మొన్న ఫోన్‌లో నువ్వడిగిన దానికి సగమే జవాబు చెప్పాను, ఇంతలో నీ బస్సు వచ్చేసింది. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం 400 కిలోమీటర్లు, విమానం గంటకు 800 పోతుంది, అంటే అరగంట చాలుగా, టికెట్ మీద గంటా ఇరవై ఎందుకు వేశారన్నావు. లెక్క తప్పు కాదు తల్లీ, విమానమే వేరు.

చిన్న ఎయిర్‌పోర్టుల మధ్య ఎక్కువగా తిరిగేవి ఏటీఆర్ 72 లాంటి ప్రొపెల్లర్ విమానాలు. వాటి వేగం గంటకు 500 కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ. ఆ వేగమైనా పైకెక్కాకే అందుకుంటాయి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ నెమ్మదే. ఇంత తక్కువ దూరానికి జెట్ వేసినా పెద్దగా కలిసిరాదు. పూర్తి వేగం అందుకున్న కాసేపటికే దిగడం మొదలుపెట్టాలి.

ఉద్యోగం రోజుల్లో నాకో పిచ్చి అలవాటుండేది, మీ పెద్దమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. కిటికీ పక్కన కూర్చుని జేబు డైరీలో టైములు రాసుకునేవాణ్ణి. ఒక పేజీ ఇలా ఉంది: తలుపు వేసింది 6:40, చక్రాలు లేచింది 6:54, నేలకి తగిలింది 7:50, తలుపు తీసింది 7:56. మొత్తం 76 నిమిషాల్లో గాల్లో ఉన్నది 56. ఆ మొదటి 14 నిమిషాలు ఎక్కడికి పోయాయంటావా? పక్కన టాక్సీవే, అంటే రన్‌వే దాకా విమానం నడిచే వేరే దారి, లేకపోవడంతో విమానం రన్‌వే మీదే చివరిదాకా వెళ్లి, వెనక్కి తిరిగి, అప్పుడు లేచింది. టికెట్ మీద వేసేది ఈ నేల మీద నడకని కూడా కలుపుకున్న టైమే. అందుకే నీ భాగహారం కన్నా దాన్నే నమ్ము.

దూరం చూసేటప్పుడు ఒక్కటి గమనించు. కొన్ని చోట్ల నాటికల్ మైళ్లలో ఇస్తారు. ఒక నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు. 216 అని కనిపిస్తే అవే నీ 400 కిలోమీటర్లు. అదీ గీత గీసినట్టు నేరుగా వెళితే వచ్చే దూరం. విమానం నిర్ణయించిన దారుల్లో పోతుంది కాబట్టి నిజంగా తిరిగేది ఇంకొంచెం ఎక్కువే. ఎదురుగాలి ఉంటే వెళ్లేటప్పటి టైమూ వచ్చేటప్పటి టైమూ ఒకటి కావు.

నేరుగా ఫ్లైట్ లేని రోజున మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టెయ్. మధ్యలో పెద్ద ఎయిర్‌పోర్టులో మారాలంటే 400 కాస్తా 900 కావచ్చు, గంట కాస్తా ఆరు గంటలు కావచ్చు. నేనొకసారి తెలివికి పోయి, చవగ్గా వస్తున్నాయని రెండు వేర్వేరు టికెట్లు కొన్నాను. మధ్యలో 50 నిమిషాల వ్యవధి. మొదటిది 35 నిమిషాలు లేటు. నా సూట్‌కేసు బెల్టు మీదకి వచ్చేసరికి రెండోదానికి చెకిన్ మూసేశారు. రెండో టికెట్ డబ్బులు పోయాయి, రాత్రి కుర్చీలో కూర్చునే తెల్లారింది. మారాల్సి వస్తే రెండు ప్రయాణాలూ ఒకే టికెట్‌లో కొను. మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా, మామూలుగా తర్వాతి దాంట్లో వాళ్లే సర్దుతారు.

పొగమంచు కాలంలో పొద్దున్నే వెళ్లే ఫ్లైట్ వద్దు. చిన్నచోట్ల మంచు విడేదాకా దించలేక ఆపేస్తుంటారు.

నీ టికెట్ ఫొటో తీసి పంపు. ఏ విమానం వేశారో చూసి, ఇంటి దగ్గర ఎన్నింటికి బయల్దేరాలో చెప్తాను.

పెదనాన్న