రెండో ప్రపంచయుద్ధం తర్వాత వలస యుద్ధాల్లో విషవాయువులు వాడి ఉంటే ఏమయ్యేది?

అల్జీరియా, మలయా (ఇప్పటి మలేసియా ప్రాంతం) లాంటి చోట్ల ఫ్రాన్స్, బ్రిటన్ రసాయన ఆయుధాలు దించి ఉంటే ఫలితం మారేదా అని అడిగారు. "ఉంటే" అక్కర్లేదండి, అల్జీరియాలో వాడారు. కాకపోతే దాన్ని యుద్ధం అనలేదు.

నేను సైన్యంలో చేసి రిటైరయ్యాను. మా గ్యాస్ ట్రైనింగ్ ఒక చిన్న గుడారంలో జరిగేది. లోపల టియర్ గ్యాస్ బిళ్ల వెలిగించి గుమ్మానికి తెర దించేసేవారు. మాస్క్‌తో లోపలికెళ్లి, ఉస్తాద్ సైగ చేయగానే మాస్క్ తీసి, పేరు, నంబరు గట్టిగా చెప్పి బయటికి రావాలి. నాకు పేరు సగం కూడా నోట్లోంచి రాలేదు. కళ్లు మూసుకుపోయాయి, గొంతులో కారం కూరినట్టు ఒకటే దగ్గు, మెడ మీద చెమట ఉన్నచోటల్లా మంట. బయటపడ్డాక కళ్లు నలపొద్దు, గాలికి ఎదురుగా నిలబడండి అని ఉస్తాద్ అరుస్తూనే ఉన్నాడు. తర్వాత అదే రకం బిళ్లను మైదానంలో వెలిగిస్తే పొగ గాలివాటున పోయింది. మేం కాస్త అవతల నిలబడి కబుర్లు చెప్పుకున్నాం.

గుడారానికి తెర ఎత్తితే బయటికి రావచ్చు. ఆ తెర స్థానంలో కొండ, బయట తుపాకులు ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. 1956 నుంచి ఫ్రెంచ్ సైన్యం అల్జీరియాలో "ప్రత్యేక ఆయుధాల" దళాలను పెట్టింది. ఆరెస్, కబీలియా కొండల గుహల్లో దాక్కున్న ఎఫ్ఎల్ఎన్ (ఫ్రాన్స్ నుంచి స్వాతంత్ర్యం కోసం పోరాడిన అల్జీరియా సంస్థ) పోరాటయోధుల మీదికి వీళ్లు సీఎన్2డీ అనే గ్యాస్ వదిలేవారు. అందులో మామూలు టియర్ గ్యాస్‌తో పాటు ఆర్సెనిక్ ఉన్న ఆడమ్‌సైట్ కూడా ఉండేది. అది మొదటి ప్రపంచయుద్ధం నాటి సరుకు, వాంతులు చేయిస్తుంది. ఆరుబయట మనిషి పారిపోతాడు. గుహలో చచ్చిపోతాడు. 1959 మార్చిలో ఘార్ ఊషెత్తూహ్ గుహలో వందమందికి పైగా గ్రామస్థులు చనిపోయారు. అల్జీరియా గుహలకు ఇది కొత్త కూడా కాదు. 1845లో దహ్రాలో ఫ్రెంచివాళ్లు గుహ ముందు మంటలు పెట్టి, వందలమందిని పొగతోనే చంపారు.

మరి యుద్ధంలో విషవాయువులు వాడొద్దన్న 1925 జెనీవా ఒప్పందం? దాన్ని అందరికంటే ముందు ఆమోదించింది ఫ్రాన్సే. కానీ ఒప్పందంలో చేరిన దేశాల విషయంలోనే కట్టుబడతానని షరతు పెట్టుకుంది. ఎఫ్ఎల్ఎన్ దేశం కాదు కదా! పైగా వాళ్ల లెక్కలో అల్జీరియాలో జరిగింది యుద్ధమే కాదు, "శాంతిభద్రతల పని". దాన్ని యుద్ధమని చట్టంలో ఒప్పుకోవడానికి 1999 దాకా పట్టింది. ఈ పేర్ల తిరకాసు లేకుండా ఆ గుహల పని నడిచేది కాదని నా నమ్మకం.

మీరడిగింది సారిన్, టాబున్ లాంటి నరాల విషాల గురించైతే, అవి ఆ రెండుచోట్లా ఎందుకు దించలేదో నా అంచనా చెప్తాను. గెరిల్లా ఒకచోట ఉండడు, కొండగాలి మాట వినదు, పక్క ఊళ్లో సొంత సైనికులే ఉంటారు. అల్జీరియా గొడవ 1955 నుంచే ఐక్యరాజ్యసమితిలో నలుగుతోంది, దాంతో బయట పరువు టెన్షన్ కూడా ఉంది. బ్రిటన్ అయితే జర్మన్ల దగ్గర పట్టుకున్న టాబున్ బాంబుల్ని 1955-56లో, మలయాలో పోరు నడుస్తుండగానే, అట్లాంటిక్‌లో ముంచేసింది.

మలయాలో వాడింది కలుపుమందులు. అడవిలో గెరిల్లాలు వేసుకున్న పంటల మీద చల్లారు. 1961లో అమెరికా విదేశాంగ మంత్రి డీన్ రస్క్ ఆ ఉదాహరణే చూపించి, వియత్నాంలో మందు చల్లడం తప్పుకాదని కెన్నెడీకి రాశాడు. తర్వాత కథ తెలిసిందే.

ఫలితం మారేదా అంటే, అల్జీరియాలో మారలేదు. 1962 జులైలో స్వాతంత్ర్యం వచ్చింది. అయినా సహారాలోని బీ2-నామూస్ రసాయన పరీక్షల కేంద్రాన్ని రహస్య ఒప్పందంతో 1978 దాకా ఫ్రాన్స్ తన చేతుల్లోనే ఉంచుకుంది. 1993 రసాయన ఆయుధాల ఒప్పందం యుద్ధంలో టియర్ గ్యాస్ వాడొద్దంది, పోలీసులకు మాత్రం వదిలేసింది. అంటే సరిహద్దులో శత్రువు మీద వేయకూడనిది సొంత ఊళ్లో జనం మీద వేయొచ్చు. గుడారంలో నిలబడ్డవాడిగా ఇది నాకు మింగుడుపడదు.