సమాధానం: ఫేజర్ 25 ఎందుకు అమ్ముడుపోలేదు?

పాత యమహా ఫేజర్ 25 ఒకటి తక్కువ ధరకు వస్తోందని, ఇంజిన్‌లో లోపం ఉండబట్టే జనం ఈ బండిని వద్దనుకున్నారా అని మీరు అడిగారు. కారణం ఇంజిన్ కాదు. ఆ 249 సీసీ ఇంజినే యమహావారి మరో బండి ఎఫ్‌జెడ్ 25లోనూ ఉంది.

అసలు చిక్కు లెక్కలో ఉంది. 2017 ఆగస్టులో ఇది ఢిల్లీ ఎక్స్‌షోరూమ్ ధర సుమారు 1.29 లక్షలతో, అంటే ఫెయిరింగ్ (బండి ముందు, పక్కల కప్పే తొడుగు) లేని ఎఫ్‌జెడ్ 25 కంటే దాదాపు పది వేలు ఎక్కువకు వచ్చింది. ఆ పది వేలకు దక్కింది ఫెయిరింగూ, దానితోపాటు ఆరు కిలోల అదనపు బరువూ. గేర్లు మాత్రం అవే ఐదు. దూరప్రయాణాల కోసమని చెప్పిన బండికి హైవేపై ఇంజిన్ నెమ్మదిగా తిరిగేలా చేసే ఆరో గేరు లేకపోగా, గట్టిగా బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ కూడా 2019 వరకు రాలేదు. ఇంకొంత డబ్బు జోడిస్తే 373 సీసీ బజాజ్ డామినార్ 400 దొరుకుతున్నప్పుడు కొనేవారు అటే మొగ్గారు. పాత ఫేజర్ జంట హెడ్‌లైట్లను ఇష్టపడినవారికి దీని ఉబ్బెత్తు ముఖం రుచించలేదు, నాకూ రుచించలేదనుకోండి. 2020లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు కంపెనీ దీన్ని కొనసాగించలేదు.

కొనేముందు ఛాసిస్ నంబరుతో సర్వీస్ సెంటర్‌లో విచారించండి: ఇంజిన్ పైభాగంలోని హెడ్ కవర్ బోల్టు వదులవుతున్నందున 2018లో ఎఫ్‌జెడ్ 25తోపాటు ఈ బండ్లనూ మరమ్మతుకు వెనక్కి పిలిచారు, ఆ పని జరిగిందో లేదో తెలుస్తుంది. ఫెయిరింగ్ పగిలి ఉంటే, విడిభాగం దొరుకుతుందని తేలాకే బేరమాడండి.