కేటరింగ్ బండికి ఏ ఇన్సూరెన్స్? డాలస్‌లో కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్లకి

"ఇంట్లో ఉన్న సియెన్నాలోనే ట్రేలు పెట్టుకుని వెళ్తున్నాం, కారుకి ఇన్సూరెన్స్ ఎలాగూ ఉందిగా" అని డాలస్ చుట్టుపక్కల కొత్తగా కేటరింగ్ మొదలుపెట్టినవాళ్లు అంటుంటారు. డబ్బు తీసుకుని చేసే డెలివరీలకి చాలా పర్సనల్ పాలసీలు వర్తించవు. యాక్సిడెంట్ అయ్యాక అడ్జస్టర్ (క్లెయిమ్ పరిశీలించే ఇన్సూరెన్స్ కంపెనీ మనిషి) ఆ టైములో ఎక్కడికి వెళ్తున్నారని అడుగుతాడు. వెనక సీట్లు మడిచి పులిహోర ట్రేలు పేర్చి ఉంటే ఇంకేం చెబుతారు?

కమర్షియల్ ఆటో పాలసీ తీసుకోవాల్సిందే. అయితే రేటు అడిగే ముందు బండి ఎవరి పేరు మీదుందో చూసుకోండి. వ్యాపారం ఎల్ఎల్‌సీ (కంపెనీ) పేరున, టైటిల్ మీ ఆయన పేరున ఉంటే ఏజెంటుకి ఆ సంగతి ముందే చెప్పండి. లేకపోతే క్లెయిమ్ దగ్గర తలనొప్పి. బండి నడిపే ప్రతి ఒక్కరి పేరూ ఇవ్వండి. ఇండియాలో ఎన్నేళ్లు నడిపినా సాధారణంగా ఇక్కడి రికార్డే చూస్తారు, కొత్త లైసెన్సు మరిదిగారి వల్ల ప్రీమియం పెరగొచ్చు. పెరుగుతుందని పేరు దాచొద్దు.

అసలు విషయం లిమిట్, అంటే కంపెనీ గరిష్ఠంగా ఎంత కడుతుందన్నది. టెక్సాస్ చట్టం అడిగేది 30/60/25. అంటే ఎదుటివాళ్లలో ఒకరి గాయాలకి 30 వేల డాలర్లు, అందరికీ కలిపి 60 వేలు, వాళ్ల ఆస్తి నష్టానికి 25 వేలు. మంచి కారు ఒక్కటి టోటల్ అయితే ఆ 25 వేలు ఏ మూలకి? ఎమర్జెన్సీ రూమ్, ఆపైన ఒక సర్జరీ అయితే 30 వేలు హాంఫట్. మిగతాది వ్యాపారం మీదికొస్తుంది. నన్నడిగితే వన్ మిలియన్ డాలర్ల కంబైన్డ్ సింగిల్ లిమిట్‌కి (గాయాలకీ, ఆస్తి నష్టానికీ కలిపి ఒకే లిమిట్) కోట్ తీసుకోండి. పెద్ద ఆఫీసులు, ఫంక్షన్ హాళ్లు కూడా తరచూ అంతే అడుగుతాయి.

మీ దగ్గర పనిచేసే అబ్బాయి పెరుగు అయిపోయిందని తన సొంత కారులో వెళ్తూ ఎవరినైనా గుద్దాడనుకోండి. కేసు మీ మీదికీ రావచ్చు. దానికి "హైర్డ్ అండ్ నాన్ ఓన్డ్" కవర్ (వ్యాపారం పనికి వాడే అద్దె బండ్లకీ, పనివాళ్ల సొంత బండ్లకీ) ఉండాలి. అది అతని కారు రిపేరుకి పనికిరాదు, మీ మీద పడే భారానికే.

వడగళ్లకి మీ బండి దెబ్బతింటే కాంప్రహెన్సివ్ కవర్ (గుద్దుకోవడం కాకుండా జరిగే నష్టాలకి) ఉండాలి, డాలస్‌లో ఉన్నాక ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు. పాత్రలు, వంటకాలు మాత్రం మామూలుగా ఆటో పాలసీలో రావు.

ఇంకోటి. అన్‌ఇన్సూర్డ్ మోటారిస్ట్ కవర్ (ఇన్సూరెన్స్ లేనివాళ్లు మిమ్మల్ని గుద్దితే పనికొచ్చేది) వద్దనుకుంటే టెక్సాస్‌లో రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఏజెంట్ ఈమెయిల్‌లో పంపే సంతకాల బొత్తిలో ఆ పేజీ ఉంటుంది. ప్రీమియం తక్కువ చూపించడానికి కొందరు దాన్ని అలా కలిపేస్తారు, చదవకుండా క్లిక్ చేయకండి.

నాలుగైదు కంపెనీల పాలసీలు అమ్మే ఇండిపెండెంట్ ఏజెంట్ దగ్గరికెళ్లి, ఒకే లిమిట్, ఒకే డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో ముందు మీరు పెట్టుకోవాల్సిన మొత్తం) మీద కోట్లు అడగండి. శనివారం పెళ్లికి హాలువాళ్లు శుక్రవారం సాయంత్రం ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ అడిగితే పంపించగలరా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి.