డిస్క్‌లో ఖాళీ ఉన్నా ఫైల్ ఎందుకు పట్టదు?

ప్రశ్న: హనుమకొండలో బీఎస్సీ కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. లినక్స్ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ కావాలని నా కోరిక. పెన్‌డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ ఉన్నా 5 జీబీ ఫైల్ కాపీ కాకపోవడానికి కారణమేమిటని ఒక ఇంటర్వ్యూలో అడిగితే చెప్పలేకపోయాను. ఈ హద్దులన్నీ కంఠస్థం చేయాలా?
– ఒక విద్యార్థి, హుస్నాబాద్

జవాబు: కంఠస్థం అవసరం లేదు కానీ, ఏ హద్దు ఏ అంచెలో పుడుతుందో తప్పక తెలిసి ఉండాలి. ఆ పెన్‌డ్రైవ్ బహుశా ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుంది. అందులో ఫైల్ పరిమాణాన్ని 32 బిట్లలోనే రాసుకుంటారు కాబట్టి, ఎంత ఖాళీ ఉన్నా ఒక్కో ఫైల్ 4 జీబీకి ఒక బైట్ తక్కువ వద్ద ఆగిపోతుంది.

ఈ 32 బిట్ల లెక్క ఇతర అంచెల్లోనూ ఎదురవుతుంది. డిస్క్‌ను ఏయే భాగాలుగా విభజించారో రాసుకునే పాత ఎంబీఆర్ పార్టిషన్ పట్టికలో సెక్టార్ (డిస్క్‌లోని చిన్న ముక్క) సంఖ్యకు 32 బిట్లే ఉండటం వల్ల, 512 బైట్ల సెక్టార్లున్న డిస్క్‌లో 2 టీబీ దాటిన భాగాన్ని అది చూపలేదు. అందుకే పెద్ద డిస్కులకు 64 బిట్ల జీపీటీ పట్టిక వాడతారు. ఆపైన ఫైల్ సిస్టమ్ హద్దు ఉంటుంది. 4 కేబీ బ్లాకులతో లినక్స్ ఫైల్ సిస్టమ్‌లైన ఈఎక్స్‌టీ3లో ఒక ఫైల్ 2 టీబీ వరకు, ఈఎక్స్‌టీ4లో 16 టీబీ వరకు పెరగగలదు. ఇవి రెండూ అనుమతించినా, 32 బిట్ల ఆఫ్‌సెట్‌తో (ఫైల్‌లో ఎక్కడున్నామో చెప్పే సంఖ్యతో) కంపైల్ చేసిన పాత ప్రోగ్రామ్ 2 జీబీ వద్దే నిలిచిపోవచ్చు, లేదా యూలిమిట్ ద్వారా ఆ యూజర్‌కు పెట్టిన పరిమితి అడ్డుపడవచ్చు.

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఐనోడ్, అంటే ఒక్కో ఫైల్ వివరాలను ఫైల్ సిస్టమ్ రాసుకునే నమోదు. ఈఎక్స్‌టీ4లో ఐనోడ్ల సంఖ్య ఫార్మాట్ చేసేటప్పుడే నిర్ణయమవుతుంది. లక్షల కొద్దీ చిన్న ఫైళ్లు చేరి ఐనోడ్లు అయిపోతే, జీబీల కొద్దీ ఖాళీ ఉన్నా డిస్క్‌లో చోటు లేదన్న సందేశమే వస్తుంది. అప్పుడు ఖాళీ ఎంతుందో చూపే డీఎఫ్ కమాండ్‌ను, ఐనోడ్ల లెక్క చూపే ఐ ఆప్షన్‌తో నడిపి చూడాలన్న ఆలోచన వెంటనే తట్టే అభ్యర్థికి, మడికొండ ఐటీ పార్కులో ఇంటర్వ్యూ అయినా హైదరాబాద్‌లో అయినా, మంచి విలువ ఉంటుంది.

సాధనకు కొత్త డిస్క్ కొనవద్దు. ఇంట్లోవారి ఫొటోలు, పత్రాలు ఉన్న ల్యాప్‌టాప్ పార్టిషన్లను అసలే ముట్టుకోవద్దు. వర్చువల్ మెషీన్‌లో లినక్స్ పెట్టుకొని, ట్రంకేట్ కమాండ్‌తో 3 టీబీ ఖాళీ ఇమేజ్ ఫైల్ సృష్టించండి. అది స్పార్స్ ఫైల్ కాబట్టి నిజంగా అంత చోటు తీసుకోదు. దానిపై ఎఫ్‌డిస్క్‌తో ముందు ఎంబీఆర్, తర్వాత జీపీటీ పట్టిక రాసి చూస్తే తేడా మీకే కనబడుతుంది. ఆ తర్వాత తక్కువ ఐనోడ్లతో ఒక చిన్న ఇమేజ్‌ను ఫార్మాట్ చేసి, ఖాళీ ఫైళ్లతో నింపి, వచ్చే ఎర్రర్‌ను నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఆర్‌హెచ్‌సీఎస్ఏ (రెడ్ హ్యాట్ సంస్థ ఇచ్చే లినక్స్ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ సర్టిఫికెట్) పరీక్ష రాసే ఆలోచన ఉంటే, అది పూర్తిగా మెషీన్‌పై చేసి చూపించే పరీక్ష అని గుర్తుంచుకోండి. పార్టిషన్లు చేయడం, ఫైల్ సిస్టమ్ మౌంట్ చేయడం (వాడకానికి జోడించడం), రీబూట్ తర్వాతా అది నిలిచేలా ఎఫ్‌స్టాబ్ అనే సెట్టింగుల ఫైల్‌లో రాయడం ఎవరి సాయమూ లేకుండా చేయగలిగిన తర్వాతే ఫీజు కట్టండి.