ఇన్‌ఛార్జి అయింది గుంట, నువ్వు కాదు

ఒరే తమ్ముడూ,

నీ కూతురు, మన గుంట, జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్‌కి, అంటే పప్పుని సైజుల వారీగా వేరుచేసే పనికి, ఇన్‌ఛార్జి అయిందని పలాస నుంచి కాశీబుగ్గ దాకా కనపడినవాళ్లందరికీ చెప్తున్నావట. చెప్పుకో, తప్పేం లేదు. 19 ఏళ్ల పిల్ల చేతికి రిజిస్టరు ఇచ్చి ఈ టేబుల్ నీదే చూసుకో అన్నారంటే ఊరికే అనరు. కాకపోతే నీ సంబరం దాని నెత్తిమీద బరువు కాకూడదు, అందుకే రాస్తున్నాను. ఆ గ్రేడింగ్ టేబుళ్ల దగ్గర చాలా ఏళ్లు కూర్చున్న అప్పని, నీ అక్కని, కాస్త విను.

ముందు, ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్లడం మానెయ్. ఓనరు నిన్ను కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇప్పించి, సీజను కదా, మీ అమ్మాయిని రాత్రి ఇంకో రెండు గంటలు ఉండమనండి అంటాడు, నువ్వు మొహమాటానికి తల ఊపేస్తావు, ఉండాల్సింది మాత్రం అది. మీ వెనక వీధి పిల్లని పనిలో పెట్టించమని కూడా అడక్కు. పెట్టిస్తే ఆ పిల్ల చేసే ప్రతి తప్పూ దీని ఖాతాలోకే వస్తుంది.

ఇక అసలు కష్టం. దాని కింద పనిచేసేవాళ్లు దాని తల్లి వయసు వాళ్లు. పప్పు చేతిలోకి తీసుకోగానే ఇది 240, ఇది 320 అని చెప్పేస్తారు. ఆ అంకెలేమిటో నీకు తెలుసో లేదో, పౌనుకి, అంటే 454 గ్రాములకి, 220 నుంచి 240 పప్పులు తూగితే 240 రకం, 300 నుంచి 320 తూగితే 320 రకం. అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నది, రేటు తక్కువ. ఒక రకంలో ఇంకోటి కలిసినా, నిండు పప్పులో బద్దలు పడినా సరుకు వెనక్కొస్తుంది, అడిగేది ఇన్‌ఛార్జినే. అప్పుడు ఇది హాలంతా వినేలా ఎవరినైనా కసిరిందంటే ఆ మర్నాటి నుంచి ఎవరూ సాయం రారు. పక్కకి పిలిచి, పిన్నీ, ఈ ట్రే ఒకసారి మళ్లీ చూద్దామా అంటే చాలు, ఆవిడే కూర్చుని సరిచేస్తుంది. పిన్నీ అని పిలిస్తే పెత్తనం పోతుందని ఎవరో దానికి ఎక్కించారట, నాకైతే ఆ మాట నచ్చలేదు.

తూకం గురించి గట్టిగా చెప్పు. పొట్టు తీసేవాళ్లకి కూలి కేజీ లెక్కన కాబట్టి ఫ్యాక్టరీలో సగం గొడవలు కాటా దగ్గరే పుడతాయి. ఎవరి పప్పు వాళ్ల ముందే తూచాలి, ముందు ఖాళీ ట్రే పెట్టి కాటా సున్నా చూపించాలి, అంకె పైకి చదివి అప్పుడే రాయాలి. సాయంత్రం అందరివీ కలిపి రాసుకుందాం అన్న రోజునే అనుమానం మొదలవుతుంది. ఈ ఒక్కటి సరిగ్గా చేస్తే దాని వయసు ఎవరికీ గుర్తుండదు.

ఇంట్లో నువ్వు చేయాల్సింది చాలా చిన్నది. రాగానే ఈరోజు ఎంత సరుకు దిగింది, ఓనరు ఏమన్నాడు అని పోలీసులా అడక్కు. పని మానేస్తానని ఏడిస్తే అప్పుడే బోధ మొదలెట్టకు, అన్నం తిననీ, పడుకోనీ. మెచ్చుకునేటప్పుడు మా కూతురు ఆఫీసరు అనకు, పనిలో ఆ ఇద్దరి తగువు నువ్వు భలే తీర్చావే అను. అది చేసిన పని నీకు అర్థమైందని దానికి తెలియాలి.

డబ్బు సంగతి మాత్రం అడుగు, అది గొప్ప కోసం కాదు. ఇన్‌ఛార్జి అన్న పేరిచ్చి పాత జీతమే ఇచ్చే చోట్లు బోలెడు. జీతం పెరిగిందా, ఎక్కువ గంటలు చేసినదానికి ఓవర్‌టైమ్ కడుతున్నారా, పీఎఫ్ కోసేస్తుంటే ఆ డబ్బు దాని ఖాతాలో నిజంగా పడుతోందా, ఫోన్లోనే చూసుకోవచ్చు, దాన్నే చూడమను. డిగ్రీ ఫీజు గడువు ఎప్పుడో కూడా కనుక్కో, సీజను హడావిడిలో పరీక్ష ఫీజు కట్టడం మర్చిపోయిన పిల్లల్ని చూశాను.

సంబంధాల వాళ్లు వస్తే దాని జీతం అంకె నీ నోటితో చెప్పకు. చెప్పాలనుకుంటే అదే చెప్తుంది.

మీ అప్ప