టావోసీచా, టీషకా?

సందేహం: ఐర్లండ్ ప్రధానిగా చేసిన లియో వరద్కర్ గురించి చదువుతుంటే ఆయన పదవిని ఒకచోట ‘టావోసీచ్’ అని, మరోచోట ‘టీషక్’ అని రాశారు. ఏది సరి? అసలు అర్థమేమిటి? బహువచనం ఎలా?

సమాధానం: ‘టావోసీచ్’ ముమ్మాటికీ తప్పు. రోమన్ అక్షరాలు కనబడగానే ఇంగ్లీషులా చదివేయడం వల్ల వచ్చిన తంటా అది. మాట (Taoiseach) ఐరిష్‌ది. ఆ భాషలో ‘ఏఓ’ జంట పలికేది ‘ఈ’ అని. ఇ, ఎ అచ్చుల పక్కనున్న ‘ఎస్’ ష అవుతుంది. షాన్ కానరీ పేరులో మనం ‘ష’ పలికేదీ అందుకే. చివరి ‘సీహెచ్’ ఉర్దూ ‘ఖబర్’లో గొంతు రాసుకుంటూ వచ్చే ఖకారం లాంటిది. ఇంగ్లీషువాళ్లు దాన్ని ‘క్’ చేసుకుని టీషక్ అన్నారు. తమాషా ఏమిటంటే, ఐరిష్‌వారి మొదటి అక్షరం నాలుక పళ్లకు తగిలి పలికేది, అంటే మన ‘త’. కాబట్టి ‘తీషఖ్’ అంటే అసలుకు ఇంకా దగ్గర. అయినా టీషక్ వాడుకలో పడింది కనుక దాన్నే ఉంచుకోవచ్చు.

అర్థం ‘ముందుండేవాడు, నాయకుడు’. వెల్ష్‌లో యువరాజును ‘తవసోగ్’ అంటారు, రెండూ ఒక తల్లి బిడ్డలే. 1937 రాజ్యాంగం ప్రభుత్వాధినేతకు ఈ పేరు పెట్టింది. దాని ఇంగ్లీషు పాఠంలోనూ ఇదే మాట ఉంది. ఉపప్రధాని ‘తానిష్టె’. పూర్వం తెగ నాయకుడు బతికుండగానే ఎన్నుకున్న వారసుడికి ఆ పేరుండేది.

వ్యాకరణమే అసలు రుచి. పిలిచేటప్పుడు మాట రెండు కొసలా మారి ‘అ హీషీ’ అవుతుంది. ముందున్న ‘అ’ మన ‘ఓ రామా’లోని ఓకారం వంటిది. చివర మారడం మనకు కొత్త కాదు, రాముడు ‘రామా’ కావడం లేదూ? మొదటి త మెత్తబడి హ కావడమే వింతగా తోస్తుంది. కానీ అన్న, తమ్ముడు కలిస్తే ‘అన్నదమ్ములు’ అంటాం. తల్లి పక్కన తండ్రి ‘దండ్రి’ అవుతాడు. మన గసడదవాదేశానికి (క, చ, ట, త, పలు గ, స, డ, ద, వలుగా మారడానికి) ఇది దూరపు పోలికే, చుట్టరికం మాత్రం లేదు. మనది సమాసంలో, సంధిలో జరిగే మార్పు. ఐరిష్‌లో అది విభక్తి పని కూడా చేస్తుంది.

ఐరిష్ బహువచనం ‘తీషీ’. తెలుగులో అలా రాస్తే ఎవరికీ అర్థం కాదు. ‘లాయర్లు’ అన్నట్టే ‘టీషక్‌లు’ అనండి.