చదరంగంలో బెర్లిన్ డిఫెన్స్ అనే నల్లపావుల ఆరంభంలో 8 ఎత్తులకే క్వీన్లు పోయి డ్రా అయితే అది పిరికి ఆటేనా?

మీవాడు భీమవరం టోర్నీలో నల్లపావులతో బెర్లిన్ ఆడి డ్రా చేశాడు, అంత తొందరగా క్వీన్లు మార్చుకోవడం పిరికితనమా అని అడిగారు కదండీ, అస్సలు కాదండి. 8వ ఎత్తుకి క్వీన్లు పోతాయి, నల్లరాజుకి ఇంక కాస్లింగ్ (రాజుని ఏనుగు చాటున భద్రంగా దాచే ఎత్తు) ఉండదు, సి గీత (బోర్డు మీద మూడో నిలువు వరస) మీద నల్లబంట్లు రెండూ ఒకదాని ముందొకటి ఇరుక్కుంటాయి, అంచేత పావులన్నీ మారిపోయి ఉత్త బంట్లే మిగిలితే మామూలుగా తెలుపే గెలుస్తుంది, కానీ నలుపు దగ్గర బిషప్‌లు రెండూ ఉంటాయి, అదే దాని బలం. 2000లో లండన్‌లో ప్రపంచ ఛాంపియన్ మ్యాచ్‌లో క్రామ్నిక్ ఇదే ఆడితే అప్పటి ఛాంపియన్ కాస్పరోవ్ ఆ మ్యాచ్ మొత్తంలో ఒక్క గేమూ గెలవలేకపోయాడు, టైటిలే పోయింది! నాకైతే చాలా ఇష్టమైన డ్రా ఇది. ఎత్తులు రాసుకునే స్కోర్‌షీట్‌లో మీవాడు రాజుని ఈ8 గడికి తీసుకెళ్ళాడా, సి8 గడి వైపా చూడండి, అసలు ఆటంతా అక్కణ్ణుంచే మొదలవుద్ది.